పరదా వెనక రెండో కార్డు

పెళ్లిళ్లకు కెమెరా మెడలో వేసుకొని పోయే ఆడపిల్లలు ఇప్పుడు కరీంనగర్‌లో బాగానే ఉన్నారు. నా కాలంలో నేనొక్కదాన్నే అని గొప్పలు చెప్పుకోను గానీ, రెండో ఆమెను మాత్రం నేను చూడలేదు. ఈ పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, చాయ్ తాగి, అదీ ఇదీ మాట్లాడి, చివరికి అసలు మాట బయటపెడతారు. "అక్కా, నా కెమెరా పాతదైంది. కొత్త మోడల్ వచ్చింది. తీసుకోవాల్నా, ఇంకొన్ని రోజులు ఆగాల్నా?" దీనికి దుకాణంవాడు ఒక జవాబు చెప్తాడు, ఫోన్‌లో వీడియోలు పెట్టేవాళ్లు వంద చెప్తారు. నేను కాగజ్‌నగర్‌లో జరిగిన ఒక పెళ్లి సంగతి చెప్తాను. అది జవాబు అవునో కాదో విన్నాక మీరే చూసుకోండి.

మాది చొప్పదండి. మా బాపు మరమగ్గం మీద పనిచేసేవాడు. నేను కరీంనగర్‌లో ఒక స్టూడియోలో ఆల్బమ్‌లు అతికించే పనికి చేరి, అక్కడే కెమెరా పట్టడం నేర్చుకున్నాను. నేర్పింది స్టూడియో యజమాని. బజారంతా ఆయన్ను భాయ్ అనేది, నేనూ భాయ్ అనేదాన్ని. ఆయన నన్ను చెల్లె అనేవాడు. మనిషి మంచివాడు, మొండివాడు. నేను మంచిదాన్నో కాదో మీరు చెప్పాలి, మొండితనంలో మాత్రం ఆయనకు తీసిపోను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాళ్లు ఇద్దరు ఒకే కప్పు కింద అన్నేళ్లు ఎలా పనిచేశారని అందరూ అడిగేవారు. పని ఎక్కువగా ఉండేది, పోట్లాడుకోవడానికి తీరిక తక్కువ, అంతే.

భాయ్‌కి నా అవసరం ఎక్కడ పడేదంటే, ముస్లిం పెళ్లిళ్లలో ఆడవాళ్లు పరదా అవతల ఉంటారు. అక్కడికి మగ ఫోటోగ్రాఫర్ పోకూడదు. నేను పోయేదాన్ని. కానీ రీలు కాలంలో నేను పోయినా పెద్ద లాభం లేకపోయేది. ఫోటో తీసింది నేనే అయినా, ఆ రీలును కడిగేది ల్యాబులో మగవాళ్లు కదా. అందుకని ఇంటి పెద్దమ్మలు పెళ్లికూతురిని తల వంచుకోబెట్టి ఒకటో రెండో తీయించి, "బస్ బేటీ, ఇంక అన్నం తిను" అనేవారు. బిర్యానీ తిన్నంతసేపు కూడా ఫోటోలు తీసేదాన్ని కాదు.

డిజిటల్ కెమెరా వచ్చాక ఆ తలుపు తెరుచుకుంది. కడగడం లేదు, ల్యాబు లేదు. అప్పుడు భాయ్, నేను కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నాం. పెళ్లి అయిపోగానే నేను అందరి ముందు కెమెరా పక్కన ఉండే మూత తెరిచి, కార్డు బయటకు తీసి, ఇంటి పెద్దామె చేతిలో పెట్టేదాన్ని. ఆమె దాన్ని పాన్‌దాన్‌లో, సున్నం డబ్బీ పక్కన దాచుకునేది. తర్వాత వాళ్లకు వీలు చిక్కినప్పుడు ఆడవాళ్లు ఆ కార్డు పట్టుకొని స్టూడియోకు వచ్చేవారు. వాళ్లు గడప తొక్కగానే భాయ్ లేచి, చెప్పులు వేసుకొని, "చాయ్ తాగొస్త" అని పోయేవాడు. మేం కంప్యూటర్ ముందు కూర్చొని, కావలసినవి ఎంచి, నేనే అచ్చు వేసి, నేనే ఆల్బమ్ కట్టేదాన్ని. కార్డు మళ్లీ వాళ్లకే. భాయ్ ఎదురుగా ఉన్న హోటల్లో, మాకు వీపు తిప్పి కూర్చునేవాడు. ఆ ఆల్బమ్‌ల పుణ్యాన ఆయన తాగినంత చాయ్ ఈ జిల్లాలో మరెవరూ తాగి ఉండరు.

ఈ పద్ధతి తెలిసిపోయాక పరదా వెనక నాకు రాజ్యం దొరికింది. ఢోలక్ పాటలు పాడుతూ వియ్యపురాళ్లను ఆడిపోసుకునే అత్తలు, మెహందీ చేతులు పైకెత్తి ఆడే పిల్లలు, జుట్టు విరబోసుకొని పడీపడీ నవ్వే పెళ్లికూతుళ్లు, అందరూ నా కెమెరాకు దొరికారు. నాకు తెలిసి నా పనితనం కన్నా ఆ చిన్న కార్డుకే ఎక్కువ గౌరవం ఉండేది. ఒక్క కార్డు, ఒక్క చేయి, ఇంకెక్కడా ఏమీ మిగలదు. ఆ నమ్మకం పోతే నా పని పోయినట్టే.

ఇప్పుడు కెమెరా దగ్గరికి వస్తాను. మా మొదటి డీఎస్ఎల్ఆర్ ముసలిదైపోయింది. చేత్తో పట్టుకునే చోట రబ్బరు ఊడిపోతే గమ్ పెట్టి అతికించాను. అది మళ్లీ ఊడితే మళ్లీ అతికించాను. లోపల అద్దం లేచి పడినప్పుడు 'ఠక్' అని పెద్ద చప్పుడు చేసేది. ఆ చప్పుడంటే నాకు ప్రాణం. ఠక్ అనగానే ఫోటో పడిందని గది మొత్తానికి తెలిసేది. పడొద్దనుకున్నవాళ్లు ముందే దుపట్టా లాక్కునేవారు. దొంగచాటు లేని కెమెరా అది. కానీ ఫంక్షన్ హాల్లో ఆడవాళ్ల వైపు వెలుతురు ఎప్పుడూ తక్కువే. ఆ గుడ్డి వెలుతురులో అది తీసిన ఫోటోల నిండా రవ్వ చల్లినట్టు చుక్కలు.

ఒకరోజు భాయ్ హైదరాబాద్ నుంచి కొత్త కెమెరా పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టాడు. నన్ను అడగలేదు.

"చెల్లె, పాతది ముసల్ది అయింది."

"నేను గూడ అయిన. నన్ను గూడ మారుస్తవా?"

"గట్ల గాదు. చీకట్ల గూడ మస్తు వస్తయంట దీంట్ల. చప్పుడు గూడ జర తక్కువ."

"నాకు చప్పుడే గావాలె."

మూత తెరిచి చూశాను. కార్డులు పెట్టే సందులు రెండు ఉన్నాయి. పైగా తీసిన ఫోటోను గాలిలోనే ఫోన్‌కు పంపిస్తుందట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "పరదా లోపల తీసిన ఫోటో పరదా బయటికి ఎగిరిపోయే మిషిన్ నాకెందుకు భాయ్? వాళ్లకేం జవాబు చెప్పాలె?" అన్నాను.

"అది బంద్ పెట్టుకోవచ్చు. సందులు రెండుంటే ఏమాయె, ఒక్కటే వాడుకో. ఆ ఫోటోల ఖరాబు చూస్తే నాకే..."

"నువ్వెప్పుడు చూసినవ్?"

భాయ్ కెమెరా మూత మూశాడు. "ఫోటోలు చూడలే. ఆల్బమ్ తీస్కపోయేటప్పుడు వాళ్ల మొఖాలు చూసిన" అన్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. గుచ్చుకుంది కాబట్టే ఇంకా బిగుసుకున్నాను. చివరికి భాయే ఒక బేరం పెట్టాడు. కాగజ్‌నగర్ పెళ్లి ఒక్కటి దీంతో తీసి చూడాలి. నచ్చకపోతే దుకాణదారు ఆయన దోస్తే, వాపస్ ఇచ్చేస్తాడు. సరే అన్నాను. అన్నాక ఇద్దరం మూతులు ముడుచుకున్నాం. ఆ రోజు నుంచి పెళ్లి దాకా మా మధ్య పని మాటలు కూడా సైగలతోనే నడిచాయి.

మంచిర్యాలలో రైలెక్కినప్పుడు కూడా అదే వరస. ఎదురెదురుగా కూర్చున్నాం. నేను డబ్బా విప్పి, సర్వపిండి ముక్క తీసి, పక్కన కూర్చున్న ముసలాయన చేతిలో పెట్టి "ఆయనకియ్యుండ్రి" అన్నాను. ఆ ముసలాయన భాయ్‌కి ఇచ్చాడు. భాయ్ తిని, "ఉప్పు తక్కువైందని చెప్పుండ్రి" అని కబురు పంపాడు. కాగజ్‌నగర్ వచ్చేసరికి ఆ పెద్దమనిషి మా ఇద్దరి కన్నా ఎక్కువ అలసిపోయాడు.

పెళ్లివారు మాకు పాతవాళ్లే. పెళ్లికూతురి తండ్రి పేపరు మిల్లులో పనిచేసేవాడు. మిల్లు మూతబడిన ఏళ్లలో బల్లార్షా పోయి, దొరికిన పనల్లా చేసి, మిల్లు మళ్లీ తెరిచాక తిరిగొచ్చి, ఆగిపోయిన పెళ్లిని ఇప్పుడు చేస్తున్నాడు. ఇది చిన్న కూతురు. పెద్ద కూతురి పెళ్లి మిల్లు మూతబడక ముందే అయింది, అదీ నేనే తీశాను. ఆ ఇంటికి పెద్ద దాదీ, అంటే తండ్రి తల్లి. కాటన్ చీర, నోటి నిండా పాన్, పక్కన ఎప్పుడూ ఢోలక్. ఎంత పెద్ద పెళ్లయినా ఢోలక్ మీద ఆమె చేయి పడితేగానీ పాట మొదలుకాదు. కానీ ఆమె ఫోటో మాత్రం ఎవరి దగ్గరా లేదు. కెమెరా అటు తిప్పితే చాలు, అరచేయి అడ్డం పెట్టేది. "నా మొఖం అల్లా చూసిండు, చాలు" అనేది.

కెమెరా సిద్ధం చేయడం ఎప్పుడూ భాయ్ పని. బ్యాటరీ నింపడం, కార్డు పెట్టడం ఆయన చేతి మీదుగానే జరగాలి. ఆ రోజు కూడా సంచి నా చేతికి అందించి, పరదా ఇవతల మగవాళ్ల వైపు తన పాత వీడియో కెమెరా పట్టుకొని నిలబడ్డాడు. నేను లోపలికి పోయాను.

నిజం చెప్పాలి కదా. ఆ కెమెరా నా మొండితనాన్ని ఒక్క పూటలో సగం తీసేసింది. ట్యూబులైటు కింద, గోడ పక్కన, కిటికీ లేని మూలలో, ఎక్కడ పట్టినా పిల్లల ముఖాలు ముఖాల్లాగే వచ్చాయి. పెళ్లికూతురు అక్కతో కలిసి నవ్వుతుంటే కంటి చివర నీళ్లు కూడా కనిపించాయి. కెమెరా తెర మీద చూసుకొని, 'భాయ్‌కి చెప్పొద్దు' అనుకున్నాను.

నిఖా అయింది, భోజనాలయ్యాయి. దాదీ తన చాప మీద కూర్చొని పాన్‌దాన్ తెరిచి నన్ను పిలిచింది. చుట్టూ ఆడవాళ్లు చేరారు. ఎప్పటిలాగే అందరికీ కనిపించేటట్టు కెమెరా పట్టుకొని మూత తెరిచాను.

రెండు సందుల్లో రెండు కార్డులు ఉన్నాయి.

నా వేళ్లు అక్కడే ఆగిపోయాయి. దాదీ కళ్లు ఆగలేదు. "ఇదేంది బేటీ? పెద్దదాని పెండ్లప్పుడు ఒక్కటే ఇచ్చినవ్ గదా. ఇవి రెండున్నయ్."

"నాకు తెల్వదు దాదీ" అన్నాను. ఆ జవాబు నా చెవికే అబద్ధంలా వినిపించింది. వెనక నుంచి ఒక అత్త, "ఏక్ ఇనే రఖ్ లేతీ క్యా?" అంది. ఒకటి ఈమె ఉంచుకుంటుందా అని. ఢోలక్ పాటలు పాడిన నోళ్లే అవి, ఒక్కసారిగా మూతపడ్డాయి. ఒకామె తల మీదికి దుపట్టా లాక్కుంది, కెమెరా ఆగి చాలాసేపైనా సరే. పెళ్లికూతురి తల్లి నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేదు. కోపం కాదు. ఇన్నేళ్లు ఇంట్లోకి రానిచ్చిన మనిషి ఎవరో గుర్తుపట్టలేనట్టు చూసింది. పరదా వెనక నాకున్న రాజ్యం మొత్తం ఆ చూపులో ఊడిపోతున్నదని నాకు అర్థమైంది.

"గీ కెమెరా తయారు చేసింది మా భాయ్, దాదీ. ఆయన్నే అడుగుండ్రి" అన్నాను.

దాదీ లేచి పరదా దగ్గరికి నడిచింది. మేమంతా వెనకే. పరదా అవతల భాయ్‌ని పిలిపించారు. గుడ్డ కింద నుంచి ఆయన పాత తోలు చెప్పులు మాత్రం కనిపించాయి.

"రెండు కార్డులెందుకు పెట్టినవ్?" దాదీ గొంతు కరుకుగా ఉంది.

"సలాం అమ్మా. నేనే పెట్టిన. కార్డు ఎప్పుడు ఖరాబైతదో తెల్వదు. ఒకటి పోతే పిల్ల పెండ్లి ఫోటోలన్నీ పోతయ్. రెండుంటే ఫికర్ ఉండదని పెట్టిన."

"మరి గీ పిల్లకు ఎందుకు చెప్పలే?"

చెప్పులు కొంచెం అటూ ఇటూ కదిలాయి. "మేం మాట్లాడుకుంటలేం అమ్మా."

"ఎందుకు?"

"గీ కెమెరా మీదనే పంచాయతీ. నేను కొత్తది కొందామంటే చెల్లె వద్దంటది. అలిగింది. నేను గూడ అలిగిన."

ముందు పెళ్లికూతురు కిసుక్కుమంది. తర్వాత వాళ్లక్క. ఆ నవ్వు ఒక్కొక్కరినీ అంటుకుంటూ పోయి, చివరికి నన్ను అనుమానించిన అత్త కూడా కొంగు నోట్లో కుక్కుకుంది. దాదీ మాత్రం నవ్వలేదు. "గడ్డాలు నెరిసినయ్, కెమెరా మీద అలుగుతరా?" అని గుడ్డకే గట్టిగా చీవాట్లు పెట్టింది. ఆయన గడ్డం నెరిసిందని చూడకుండానే ఆమెకెలా తెలిసిందో నాకిప్పటికీ తెలియదు.

"రెండిట్ల ఉన్నయి ఒక్కటేనా?"

"ఒక్కటే అమ్మా. జిరాక్స్ లెక్క. దీంట్ల ఏది పడితే దాంట్ల గూడ అదే."

రెండు కార్డులూ తీసి ఆమె చేతిలో పెట్టాను. పిల్ల తల్లి తన అత్తతో, "ఒకటి విరగ్గొట్టి పారేద్దాం అమ్మీ" అంది. దాదీ వాటిని అరచేతిలో అటూ ఇటూ తిప్పింది. తర్వాత ఒకటి పాన్‌దాన్‌లో వేసి మూత పెట్టింది. రెండోది పెళ్లికూతురి మెహందీ చేతిలో పెట్టి, వేళ్లు తానే మూసింది.

"అమ్మీ! అక్కడ అత్తగారింట్ల ఎవరి చేతుల పడుతదో!" అని తల్లి ఆదుర్దాగా అంది.

దాదీ ఆమె వైపు తిరిగింది. "పెద్దదాని కార్డు నాకాడనే ఉన్నది. ఆల్బమ్ బీరువాల ఉన్నది. పిల్ల మాత్రం బల్లార్షాల అత్తగారింట్ల ఉన్నది. వచ్చినప్పుడల్ల ఆల్బమ్ ముంగటేసుకొని కూసుంటది, పొయ్యేటప్పుడు మళ్ల నా చేతికిచ్చి పోతది. దాని నవ్వు అది వెంబడి తీస్కపోవద్దా? నేను గీ ఇంటికి వచ్చినప్పుడు ఏం తెచ్చుకోలే. మా అమ్మీ ఇంట్ల ఎట్ల నవ్వేదాన్నో నాకే యాదికి లేదు."

పెళ్లికూతురు పిడికిలి గుండెకు ఆనించుకొని, "నేను దాస్కుంట దాదీ" అంది. పెద్ద మనవరాలు గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. నాకూ ఆగలేదు, నేనూ తుడుచుకున్నాను.

"ఆగు బేటీ" అంది దాదీ నాతో. "రెండు కార్డులు మళ్ల లోపల పెట్టు. నాది గూడ ఒకటి తీ."

నాకు నమ్మకం కుదరలేదు. ఆమె చాప మీద కూర్చొని ఢోలక్ ఒళ్లోకి లాక్కుంది. పెళ్లికూతురు ఆమె భుజానికి ఒరిగింది. పరదా అవతల నుంచి భాయ్, "అమ్మా, నేను ఇంక పోవచ్చా?" అన్నాడు. "ఉండు! ముందు మీ చెల్లెతోని మాట్లాడు, తర్వాత పో" అంది దాదీ. అవతలి నుంచి భయంభయంగా "చెల్లె, అన్నం తిన్నవా?" అని వినపడింది. దాదీ పగలబడి నవ్వింది. అప్పుడు నొక్కాను. కొత్త కెమెరా చిన్నగా క్లిక్‌మంది. దానికి కూడా చప్పుడుందని ఆ రోజే విన్నాను.

తిరుగు రైల్లో భాయే ముందు అడిగాడు. "మరి వాపస్ ఇయ్యాల్నా?"

"ఉండనీ" అన్నాను. "కార్డులు మాత్రం ఎప్పటికీ రెండు పెట్టు. నాకు చెప్పి పెట్టు."

అప్పటి నుంచి మేం పోయిన ప్రతి పెళ్లిలో ఒక కార్డు పెద్దామె పాన్‌దాన్‌లోకి, ఒకటి పెళ్లికూతురి పిడికిట్లోకి పోయేది. కొన్ని ఇళ్లలో ఒప్పుకోలేదు. రెండూ పెద్దవాళ్లే తీసుకున్నారు. ఇంకొన్ని ఇళ్లలో తల్లులే ముందుగా అడిగారు, చెన్నూరులో ఒకామె 'మీ దాంట్ల మూడో సందు లేదా' అంది, తనకూ ఒకటి కావాలని. పాత కెమెరా స్టూడియో అద్దాల బీరువాలో ఉంది. బుద్ధి పుట్టినప్పుడు పోయి ఒకసారి ఠక్‌మనిపించి వస్తుంటాను. మోకాళ్లు మొరాయించాక నేను పెళ్లిళ్లు మానేశాను, ఇప్పుడు ఆ పని భాయ్ కోడలు చేస్తున్నది. అందుకే పిల్లలూ, ఏ కెమెరా కొనాలని నన్నడిగితే నేను చెప్పలేను. దాన్ని పట్టుకొని ఎవరి ఇంట్లోకి పోతారో వాళ్లను అడగండి.

నేను పని మానేసే ముందు సంవత్సరం, ఆ కాగజ్‌నగర్ పెళ్లికూతురు స్టూడియోకు వచ్చింది. చంకలో బిడ్డ. చేతిరుమాలు ముడి విప్పి, కార్డు నా చేతిలో పెట్టింది. దాదీ పోయిందట. ఇంట్లో ఎంత వెతికినా ఆమె ఫోటో ఇంకొకటి లేదట. ఢోలక్ ఫోటో పెద్దది చేసి ఇమ్మంది, అక్కకొకటి, అమ్మకొకటి, తనకొకటి.

ఆ పిల్ల చెప్పడం పూర్తికాకముందే భాయ్ లేచాడు. ఆ రోజుకు ఆయనకు మోకాళ్ల నొప్పులు నాకన్నా ఎక్కువ. చెప్పుల కోసం కాలితో వెతుక్కొని, "చాయ్ తాగొస్త" అని, గోడ పట్టుకొని మెట్లు దిగాడు. రోడ్డు దాటి, ఎదురు హోటల్లో ఎప్పటిలాగే మాకు వీపు తిప్పి కూర్చున్నాడు. డాక్టరు చాయ్ మానెయ్యమన్నాడని ఆయన ముందు ఉత్త గ్లాసు పెట్టుకున్న సంగతి ఇక్కడికే కనిపించింది.

పిల్ల ఫోటోలు తీసుకొని వెళ్లిపోయాక తిరిగొచ్చాడు. కుర్చీలో కూర్చొని, చాలాసేపు బల్ల తుడిచాడు. తర్వాత నా వైపు చూడకుండానే అడిగాడు.

"నవ్వుతుందా, చెల్లె?"

"నవ్వుతుంది భాయ్. ఢోలక్ మీద చెయ్యేసి, పాన్ తిని ఎర్రబడ్డ పండ్లన్నీ కనవడేటట్టు నవ్వుతుంది."

భాయ్ తలూపాడు. "ఆ దినం పరదా అవతల ఆ నవ్వు ఇనంగనే అనుకున్న" అన్నాడు.